మూడున్నర మెగాబైట్ల పెద్దవల

విశాఖపట్నం సముద్రంలోంచి నలభై మంది లాగే పెద్దవలని మూడున్నర మెగాబైట్లతో ఒడ్డుకి చేర్చినవాణ్ణి నేను. ఈరోజుల్లో మీ ఫోనుకి పొద్దున్నే వచ్చే పువ్వుల వీడియో అంతకన్నా బరువు ఉంటుంది. ఇంకో మాట కూడా చెప్పేస్తాను. మన ఊళ్లో క్యాసెట్టుని ఎంపీత్రీగా మార్చిన మొట్టమొదటి మనిషిని కూడా నేనే.

ఈ రెండో మాట పూర్తిగా నిజం కాదు. మద్దిలపాలెంలో మా సందులోనే నాకంటే ముందు ఇద్దరు ఆ పని చేస్తుండేవారు. ఒకాయన తరవాత కోళ్ల ఫారం పెట్టుకున్నాడు, ఇంకొకాయన దుబాయి వెళ్లిపోయాడు. పోటీలో ఎవరూ మిగల్లేదు కాబట్టి మొదటి స్థానం నాకు వచ్చింది. మొదటి మాట సంగతి చివర్లో తేల్చుకుందాం.

సౌండు పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ బటను ఎక్కడుందో మీకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది నొక్కకూడని బటను నొక్కినప్పుడు ఏమవుతుందో మాత్రమే. అందులో నాకున్న అనుభవం ఇంకెవరికీ లేదు. ఇది గొప్ప కాదు, నిజమే.

తల్లి క్యాసెట్టు

తొంభైల మొదట్లో నేను పనికి చేరింది మూర్తిగారి క్యాసెట్ల దుకాణంలో. జనం కాగితం మీద పాటల పేర్లు రాసి తెచ్చేవారు, మేము వాటిని ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవాళ్లం. మూర్తిగారు ఎండాకాలంలో కూడా ఫాను వెయ్యనిచ్చేవారు కాదు. "ఫాను శబ్దం రికార్డింగులోకి దూరుతుందయ్యా" అనేవారు. మూడేళ్లు నేను చెమటలు కక్కుతూ ఆ మాట నమ్మాను. పాట ఒక డెక్కులోంచి ఇంకో డెక్కులోకి తీగ ద్వారా పోతుందనీ, మా గదిలో అసలు మైకే లేదనీ నాలుగో ఏడు తట్టింది. అడిగితే ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "ఇప్పుడు నీకు పని వచ్చినట్టు లెక్క" అన్నారు. ఫాను మాత్రం వెయ్యలేదు.

పిసినారి అయినా పనిలో ఆయన దగ్గర రెండు నియమాలు ఉండేవి. పొద్దున్నే దుకాణం తెరవగానే స్పిరిటులో దూది ముంచి, డెక్కులో టేపుని లాగే రబ్బరు రోలరు తుడవాలి. మురికి పడితే టేపు దానికి అంటుకుని నలిగిపోతుంది. రెండోది, తల్లి క్యాసెట్టు. ఏ పాటకైనా మొదటి మంచి రికార్డింగు ఇనప బీరువాలో ఉండాలి. కాపీలన్నీ దాన్నుంచే తియ్యాలి. కాపీకి కాపీ, దానికి ఇంకో కాపీ తీస్తూ పోతే మూడో తరానికి తబలా కాస్తా రేకు డబ్బా అయిపోతుంది. బీరువా తాళం ఆయన జంధ్యానికి కట్టుకునేవారు. స్నానం చేసినా, సంధ్య వార్చినా తాళం ఉండాల్సిందే. నేను ఆయన వెనక దాన్ని అనుకరించి అందర్నీ నవ్వించేవాణ్ణి.

సొంత దుకాణం పెట్టుకున్నాక ఆ రెండు నియమాలూ నాకు చాదస్తంగా తోచాయి. కంప్యూటరు వచ్చేసింది కదా, తల్లి ఎందుకు, దూది ఎందుకు అనుకున్నాను.

లావెక్కిన ఫైలు

క్యాసెట్టుని కంప్యూటరుకి తీగతో కలిపి ఎక్కిస్తే ఒక్క నిమిషం పాటకి పది మెగాబైట్లు పట్టేది. నా హార్డ్ డిస్కు నాలుగు పెళ్లిళ్ల క్యాసెట్లకే నిండిపోయేది. దాన్ని ఎంపీత్రీగా మారిస్తే పదో వంతుకి దిగేది. ఎలా దిగుతుంది? చెవికి తెలియని శబ్దాలని ఏరి పారేస్తుంది. నేను కస్టమర్లకి ఇలాగే చెప్పేవాణ్ణి. ఎవరి చెవికి, అన్న ప్రశ్న నాకు చాలా ఏళ్లు తట్టలేదు.

తట్టించబోయిన మొదటి మనిషి మల్కాపురం చిన్నారావు. పోర్టులో క్రేను నడిపేవాడు. మోటారు శబ్దాన్ని బట్టి తాడు ఎంత బిగిసిందో చెప్పగలిగే చెవి అతనిది. నేను వాళ్ల నాన్న హరికథ క్యాసెట్లని బాగా నలిపి ఒక్క సీడీలో ఇరికించి ఇచ్చాను. మర్నాడే వెనక్కి తెచ్చాడు. చిడతలు చిడతల్లా లేవు, ఇసక జల్లించినట్టున్నాయి అన్నాడు. క్యాసెట్లు మళ్లీ ఎక్కించడానికి బద్ధకించి, అదే నలిగిన ఫైలుని పెద్ద సైజులోకి మార్చి ఇచ్చాను. అంకె అయిదింతలైంది. "చూడండి, ఇప్పుడెంత బరువుందో" అన్నాను. చిన్నారావు హెడ్‌ఫోను పెట్టుకుని అరనిమిషం విన్నాడు.

"బావా, ఫైలు లావెక్కింది గానీ పాట లావెక్కనేదు."

ఒకసారి పారేసింది మళ్లీ రాదు. మూర్తిగారు మూడేళ్లు చెమట పట్టించి చెప్పినా ఎక్కనిది చిన్నారావు ఒక్క వాక్యంలో చెప్పాడు. ఎక్కిందా అంటే, క్యాసెట్లు మళ్లీ ఎక్కించి ఇచ్చేంతవరకూ ఎక్కింది. తరవాత దిగిపోయింది.

నూకాలు

రెండు వేల తరవాత, నా దుకాణానికి మంచి పేరు ఉన్న రోజుల్లో నూకాలు వచ్చింది. ఫిషింగ్ హార్బరులో తెల్లవారకముందే వేలంలో చేపలు కొని మద్దిలపాలెం ఇళ్లకి తెచ్చి అమ్మేది. తట్ట బయట పెట్టి లోపలికి రమ్మన్నాను.

"సేపలోసన నీ కంపూటరుకి ఎక్కుతాదేటి బాబూ?" అని తట్టతోనే లోపలికి వచ్చింది.

ఆవిడ చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఒక క్యాసెట్టు. వాళ్ల నాన్న ఎల్లాజీ గొంతు అది. వాళ్ల పేటలో ఒడ్డు మీద నిలబడి పెద్దవల లాగుతారు. వలకి రెండు చివర్లా రెండు తాళ్లు, ఒక్కో తాడుకి ఇరవై మంది. రెండు జట్లూ ఒక్కసారే లాగాలి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ అయితే వల పక్కకి తిరిగి చేపలు జారిపోతాయి. మధ్యలో నిలబడి పాట పెట్టేది ఎల్లాజీ. పాటంటే రాగాలేమీ లేవు. ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి ఎత్తిపొడవడమే. నూకరాజుగాడా నీ పెళ్లాం సూత్తంది వంగు, అంటాడు. అందరూ హైలెస్సా అని లాగుతారు.

ఎల్లాజీ గొంతుకి ఆపరేషన్ అయింది. ప్రాణం మిగిలింది, గొంతు పోయింది. ఆ తరవాత ఆయన గోడకేసి తిరిగి పడుకుంటున్నాడు, అన్నం కూడా అలాగే పెట్టించుకుంటున్నాడు. పక్క పేట నుంచి ఇంకొకణ్ణి పాటకి తెచ్చుకుందామని పెద్దలు అనుకుంటున్నారు. అప్పుడు నూకాలుకి ఈ క్యాసెట్టు గుర్తొచ్చింది. ఎప్పుడో ఎవరో సరదాకి రికార్డు చేసింది. అమ్మవారి పండక్కి వాడే గొట్టం మైకు ఒడ్డున పెట్టి అందులోంచి నాన్న గొంతు వినిపిస్తే, ఆయన పక్కన నిలబడితే చాలు, చోటు ఆయనదిగానే ఉంటుంది. పెద్దలు సరే, ఒకసారి చూద్దాం అన్నారు.

"ఆ సోటు పోతే అయ్య మరి లెగడు" అంది. నవ్వకుండా అన్న మాట అదొక్కటే.

ఒడ్డున ఇసకలో క్యాసెట్టు వేస్తే తెగిపోతుందని భయం. ఓడ మీద పనిచేసే మరిది ఇచ్చిన, బొటనవేలంత పాటల యంత్రం ఒకటి ఉంది. అందులో ఏడు సినిమా పాటలు పోగా మిగిలింది నాలుగు మెగాబైట్ల చోటు. తన పాటల జోలికి వెళ్లొద్దంది.

గంట క్యాసెట్టు నాలుగు మెగాబైట్లలో పడుతుందా అని వేరే ఎవరైనా అయితే ఆలోచించేవారు. నేను, సముద్రాన్నే ఇరికిస్తాను, రేపు రండి అన్నాను.

ఎంత నలిపినా ఏడుకి తక్కువ దిగలేదు. అప్పుడు కనిపించింది ఆ బటను. నిశ్శబ్దాన్ని తీసేసే బటను. తెర మీద ఎల్లాజీ గొంతు ముళ్లకంపలా లేస్తోంది, మధ్యలో చదునైన గీతలు. ఒక్కో అరుపుకీ అరుపుకీ మధ్య అంత ఖాళీ. లాగేవాళ్ల గోల దూరంగా ఎక్కడో సన్నగా ఉంది. అది శబ్దం కింద లెక్కకి రాదని కంప్యూటరు అంది, నేనూ ఒప్పుకున్నాను. నొక్కాను. గంట కాస్తా అరగంట లోపు అయింది. మూడున్నర మెగాబైట్లు. ఆ సాయంత్రం సందులో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను.

హార్డ్ డిస్కులో పెళ్లి పని వరసలో ఉంది కాబట్టి పెద్ద ఫైలు తుడిచేశాను. క్యాసెట్టు వెనక్కి తిప్పుతుంటే డెక్కు టేపుని మింగేసింది. గజాల కొద్దీ నలిగి, నాలుగు చోట్ల తెగింది. పెన్సిలుతో చుట్టి పెట్టెలో పెట్టి, టేపు పాతది, ఇంక వెయ్యకండి అని నూకాలుకి ఇచ్చాను. టేపు పాతదే. కానీ రోలరు తుడిచి నెల దాటింది. ఈ రెండో వాక్యం ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

లాగడానికి టైము

నూకాలు మూడో రోజున తట్ట లేకుండా వచ్చింది. అమ్మకం మానుకుని వచ్చిందంటే అప్పుడే నాకు అర్థం కావలసింది.

ఒడ్డున మైకు పెట్టారు. ఎల్లాజీని లేపి, లుంగీ మార్చి, ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. ఆయన గొంతు గొట్టంలోంచి వినిపించగానే కొందరు కళ్లు తుడుచుకున్నారట. తరవాత తాళ్లు పట్టుకున్నారు. నూకరాజుని వంగమన్నాడు, వంగాడు. లాగేలోపే సోమయ్యని తిట్టాడు, వాడు లాగేలోపే ఇంకొకణ్ణి. అరుపు మీద అరుపు. ఎడం జట్టు మొదటి అరుపుకి లాగుతుంటే కుడి జట్టు మూడో అరుపుకి లాగింది. వల తిరగబడింది, పదిమంది ఇసకలో పడ్డారు, అందరూ నవ్వారు. ఎల్లాజీ ఎవర్నీ పట్టుకోకుండా ఒక్కడే ఇంటికి నడిచిపోయాడు.

"మా అయ్య లాగమన్నాడు గానీ, లాగడానికి టైము నేదు నీ పాటలో. ఆ టైమేటి సేసినావు?"

చోటు కోసం తీసేశానని చెప్పాను. ఖాళీయే కదా అన్నాను.

"ఖాళీ నీకు బాబూ. వల వొచ్చీది అప్పుడే." క్యాసెట్టు బల్ల మీద పెట్టింది. "మళ్లీ ఎక్కించు. అలగే ఉంచు."

క్యాసెట్టు తెరిచి చూపించాను. ఆవిడ టేపుని వేలితో పైకి తీసి, నలిగిన చోట తడిమింది. నన్ను తిట్టి ఉంటే హాయిగా ఉండేది. పెద్దలు ఇంకో వారం చూస్తామన్నారట, అది మాత్రం చెప్పింది. నేను వెంటనే, మీ నాన్నగారిని తీసుకురండి అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఏదో ఒకటి అనాలి కదా.

ఎల్లాజీ చెయ్యి

ఎల్లాజీ వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. మెడకి తువ్వాలు. చేతులు రెండూ తాడు పట్టీ పట్టీ పూర్తిగా తెరుచుకోవడం మరిచిపోయినట్టున్నాయి. హెడ్‌ఫోను పెట్టి, నా నలిగిన ఫైలు వేశాను. తన గొంతు వినగానే కళ్లు మూసుకున్నాడు. రెండో అరుపు మొదటి దాని మీద పడగానే అరచేత్తో బల్ల మీద ఒక్కటి కొట్టాడు. టీ గ్లాసు ఎగిరింది.

ఆపాను. ఆయన వేలు తెర మీదకి వచ్చింది. ఒక ముళ్లకంప అయిపోయి ఇంకొకటి మొదలయ్యే చోట పెట్టాడు. అక్షరం రాని మనిషి, నా తెరని నాకంటే ముందు చదివాడు.

అలా మొదలైంది. ఒక అరుపు వేసేవాణ్ణి. ఆయన ఆగేవాడు. భుజాలు తనకి తెలియకుండా వెనక్కి వెళ్లేవి, మళ్లీ ముందుకి వచ్చేవి, అప్పుడు బల్ల మీద దెబ్బ. గోడ గడియారం సెకన్ల ముల్లు చూసి అంత నిశ్శబ్దం అక్కడ పెట్టేవాణ్ణి. తక్కువ పెడితే గ్లాసు ఎగిరేది. ఎక్కువ పెడితే నా వైపు చూసి, నిద్రపోతున్నట్టు తల వాల్చేవాడు. గొంతు లేకపోయినా వెటకారం పోలేదు ఆయనకి. రెండు పొద్దులు పట్టింది. నా జీవితంలో నేను అంత శ్రద్ధగా చేసిన పని, శబ్దం లేని చోట్లు అతికించడం.

చివరికి వచ్చేకొద్దీ ఆయన ఇచ్చే ఖాళీలు పెద్దవయ్యాయి. ఎందుకని అడిగాను. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యేసి మెల్లగా కిందికి నొక్కాడు. అర్థమైనట్టు తల ఊపాను.

ఫైలు మళ్లీ ఏడు మెగాబైట్లు దాటింది. నేను వాడే పద్ధతిలో మాటకి ఎంత చోటు పడుతుందో మౌనానికీ అంతే చోటు పడుతుంది. అప్పుడు గాని నాకు వెలగలేదు. ఎల్లాజీని నలిపే బదులు ఆ సినిమా పాటల్లో రెంటిని నలిపితే మొదటి రోజే సరిపోయేది. అవి ఎంత నలిగినా ఏ వలా తిరగబడదు. నూకాలుని అడిగాను. తీసుకో అంది. నలిపి ఇచ్చాక విని, "హీరోయిను నూతిలో పడి పాడతన్నట్టుంది" అంది గానీ మార్చమనలేదు.

కాబట్టి పైన చెప్పిన మూడున్నర మెగాబైట్లు అబద్ధం. అది వలని తిరగేసిన ఫైలు. వలని లాగింది ఏడు మెగాబైట్లది. పోయేవరకూ ఎల్లాజీ ఒడ్డున తన చోటులోనే ఉన్నాడు, పక్క పేట వాళ్లెవరూ రాలేదు. ఆ ఫైలు మోగుతుంటే జనం లాగడం నేను బీచి రోడ్డు గోడ మీద కూర్చుని చూశానని చాలామందికి చెప్పాను. చూడలేదు. దుకాణం వదిలి ఎప్పుడు వెళ్లాను గనక. ఎల్లాజీ రోజూ ఒడ్డుకి వెళ్తున్నాడని విన్నాను, మిగిలింది నేనే ఊహించుకున్నాను.

కొత్తగా వచ్చేవాళ్లకి

నా అభిప్రాయం ఒక్కటే. సైజు తగ్గించడం పెద్ద విద్య కాదు, ఇప్పుడు ఫోనే చేసేస్తుంది. ఏది పారెయ్యాలో మీ అంతట మీరు తేల్చకండి. ఆ శబ్దంతో ఏం చేస్తారో తెచ్చినవాళ్లని అడగండి. పాట వినేవాడికి ఒకటి కావాలి, పాటతో పని చేసేవాడికి ఇంకొకటి కావాలి. అడిగాక కూడా తల్లి ఫైలు దాచండి. రోలరు తుడవండి. మీకు రోలర్లు లేవు, సరే, ఇంకేదో ఉంటుంది, అది తుడవండి. మూర్తిగారిని అనుకరించి నవ్వించినందుకు నాకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఫాను విషయంలో మాత్రం లేదు.

నూకాలు ఇప్పటికీ మా ఇంటికి చేపలు తెస్తుంది. మొన్న గుమ్మంలో కూర్చోబెట్టి ఇదంతా చదివి వినిపించాను. రోలరు దగ్గర ఒకసారి నా వైపు చూసింది. మిగతాదంతా చేపలు శుభ్రం చేస్తూనే వింది. బాగుందా అని అడిగాను.

"సగం అబద్ధం" అంది. "నీ పాట ఒడ్డున ఒక్కరోజే ఏసినాం. మర్నాడు తీసీసినాం."

అదెలా, ఆ ఖాళీలన్నీ మీ నాన్నే కదా పెట్టాడు అన్నాను.

"పెట్టినాడు. నీ బల్ల కాడ కూకుని, బుర్రలో ఉన్న వలకి పెట్టినాడు. ఒడ్డున ఓ దినం సేపలు పడి బరువు, ఓ దినం ఒట్టి నాసు పడి తేలిక. నీ పాటకేటి తెలుసు వల బరువు?"

మరి దేనికి లాగారు అన్నాను.

"అయ్య కర్రట్టుకుని పడవ సెక్క మీద కొట్టినాడు. నీ బల్ల మీద కొట్టినట్టే. తాడు సూసి కొట్టీవోడు. నోరు నేకపోయినా పాట పెట్టినాడు. పోయీవరకూ దానికే లాగినారు."

ఇన్నేళ్లూ వారానికి రెండుసార్లు మా గుమ్మంలో కూర్చుంటూ ఒక్కసారైనా చెప్పలేదేం అని అడిగాను. నూకాలు కత్తి కడిగి తట్టలో పెట్టుకుంది.

"నువ్వెప్పుడడిగినావు? అందర్నీ అడగమని అంత పెద్ద రాత రాసినావు. నువ్వు మాత్రం ఒక్కపాలి అడగనేదు."